స్నానం చేసి రండి, లోపల ఎలుకలున్నాయి

జూన్ ఆఖరికి సన్నీవేల్‌లో ఎండ కాస్తుంది గానీ ఉక్కపొయ్యదు. మధ్యాహ్నం రెండింటికి కూడా చెట్టు కిందికి వెళ్తే హాయిగా ఉంటుంది. సాయంత్రం ఏడు దాటితే పడమటి కొండల మీంచి చల్లగాలి దిగుతుంది, స్వెట్టర్ వెతుక్కోవాలి. ఎండాకాలమంతా అక్కడ వాన ఉండదు. తూర్పు కొండల మీద గడ్డి ఎండి పచ్చదనమన్నది మిగల్లేదు. హైదరాబాద్‌లో తొలకరి పడి గోడలు చెమ్మెక్కుతున్న రోజుల్లో మేం విమానమెక్కాం, ఇక్కడ దిగేసరికి పెదాలు పగిలాయి. "ఇక్కడ వడియాలు పెడితే ఒక్కపూటలో ఎండుతాయి" అని మా ఆవిడ సంబరపడింది. బాల్కనీలో గుడ్డ కూడా ఆరెయ్యకూడదని అపార్ట్‌మెంటు వాళ్ల నియమం ఉందని తెలిశాక ఊరుకుంది.

ఊరంటే ఊరు కాదు. ఎల్ కమినో రియల్ అనే పొడుగాటి రోడ్డు, దానికి అటూ ఇటూ వాలిపోయిన పొట్టి భవనాలు. ఆ రోడ్డు మీద గోంగూర మటన్, ఉలవచారు బిర్యానీ, పెసరట్టు ఉప్మా దొరకని ఫర్లాంగు లేదు. హోటల్లో పక్క టేబుల్ వాళ్లు అల్లుడి వీసా గురించి, వెనక టేబుల్ వాళ్లు గుంటూరులో స్థలం గురించి తెలుగులోనే మాట్లాడుకుంటారు. రోడ్డు దాటేందుకు అంచున నిలబడితే చాలు, కార్లు ఆగిపోతాయి. ఆగిన కార్లను చూసి మేం వెనక్కి తగ్గేవాళ్లం, వాళ్లు చెయ్యి ఊపి వెళ్లమనేవారు. ఆ మర్యాదకు అలవాటు పడడానికే కొన్నాళ్లు పట్టింది.

కంప్యూటర్లు రాకముందు ఈ లోయంతా పండ్లతోటలే. ఆప్రికాట్లు, చెర్రీలు, ప్రూన్‌లు. నగరపాలక సంస్థ జ్ఞాపకంగా ఒక ఆప్రికాట్ తోటను ఆర్చర్డ్ హెరిటేజ్ పార్కు పేరుతో కాపాడుతోంది. అక్కడ కాసే రకం పేరు బ్లెన్‌హైమ్. చిన్నకాయ. పండితే భుజాల దగ్గర కాస్త ఆకుపచ్చ మిగిలే ఉంటుంది, లోపల మాత్రం తేనె. వేలితో నొక్కితే కమిలిపోతుంది కాబట్టి దూరం పంపలేరు, అందుకే ఎండబెట్టేవారు, డబ్బాల్లో పెట్టేవారు. లిబ్బీ కంపెనీ క్యానరీ ఇక్కడే ఉండేది. క్యానరీ పోయింది, దాని నీళ్ల ట్యాంకు మిగిలింది. ఆ ట్యాంకుకి పండ్లముక్కల డబ్బా లేబుల్ రంగులేసి నిలబెట్టారు. మా మేనకోడలు మొదటిరోజే దాన్ని చూపించి, "మామయ్యా, వీళ్లకి పని సులువు. పుల్లటి పండ్లకి మరిగే నీళ్ల వేడి చాలు. మా ఎలుకల బెడ్డింగుకి 121 డిగ్రీలు కావాలి" అంది.

ఆ మాట వినగానే నాకు ఊరొచ్చినట్టయింది. ఉద్యోగమంతా నేను హైదరాబాద్‌లో ఒక ప్రయోగశాల యానిమల్ హౌస్‌లోనే గడిపాను. ఆటోక్లేవ్ తలుపు తీసినప్పుడు ముఖానికి కొట్టే తడి ఆవిరి, ఉడికిన ఊక వాసన నా ముక్కులో ఇంకా ఉన్నాయి. మా అమ్మాయి (మేనకోడలే, మాకు పిల్లల్లేరు) రాజేంద్రనగర్‌లో పశువైద్యం చదివి, ఇక్కడికొచ్చి ఒక మందుల కంపెనీ ఎలుకల కాలనీ ఆరోగ్యం చూస్తోంది.

ఆ భవనం బయటినుంచి చూశాను. ఒకే అంతస్తు, మట్టిరంగు గోడలు, పేరుపలక లేదు, ఆ వైపు కిటికీలు లేవు. ముందు ఆలివ్ చెట్లు. నన్ను లోపలికి తీసుకెళ్లే వీలు లేదని ముందే చెప్పింది, నేనూ అడగలేదు. వాళ్ల దగ్గర రోజూ స్నానం చేసి, లోపలి బట్టలు, లోపలి చెప్పులు వేసుకుంటేగాని కాలనీ గదుల్లోకి పోనివ్వరు. అందుకే ఆమె జుట్టు ఎప్పుడూ కాస్త తడిగానే కనిపించేది. చేతులు చూస్తే పొలం పని చేసేవాళ్ల చేతుల్లా గరుకెక్కాయి, అదంతా సబ్బూ శానిటైజరూ చేసిన పని.

మనుషుల నుంచి ఎలుకలకి ఇంత కాపలా ఎందుకని మా ఆవిడ అడిగింది. జబ్బు చేసిన ఎలుక ముడుచుకుని, వెంట్రుకలు రేగి, ఒక మూల కూర్చుంటే ఎవరైనా పోల్చుకుంటారు. చిక్కంతా బాగున్నట్టు కనిపించే ఎలుకతోనే. కరోనా అనే మాట మనకి 2020లో తెలిసింది, ఎలుకల వాళ్లకి దాని తోబుట్టువుతో 1949 నుంచి పరిచయం. మౌస్ హెపటైటిస్ వైరస్ కరోనా కుటుంబానిదే. పిల్లలకు సోకితే విరేచనాలతో చచ్చిపోతాయి. పెద్ద ఎలుకలకు సోకితే చాలాసార్లు ఏమీ కనిపించదు. తింటాయి, తిరుగుతాయి, ఈనుతాయి. కానీ వాటి కాలేయం, రోగనిరోధక కణాలు లోపల్లోపల మారిపోయి ఉంటాయి. అలాంటి ఎలుక మీద మందు పరీక్షించి, పనిచేసిందని రాసుకుంటే ఆ ఫలితం మందుదా, వైరస్‌దా? ఆ సంగతి ఎవరికీ తెలియకుండానే పత్రికలో అచ్చయిపోతుంది. మ్యూరైన్ నోరోవైరస్‌ని మొదటిసారి గుర్తించింది 2003లో. గుర్తించాక వెతికితే లోకంలోని ఎన్నో కాలనీల్లో అది హాయిగా కాపురముంటోంది.

రోగం వచ్చే దారులు కూడా విచిత్రమైనవి. 1995లో అమెరికాలోని బెథెస్డాలో ఒక వైద్య పరిశోధన సంస్థలో ఎలుకల మశూచి రేగింది. ఎలుకేదీ బయటినుంచి రాలేదు. చైనా నుంచి కొన్న ఎలుక సీరం సీసాలో వైరస్ వచ్చింది. తలుపులన్నీ మూసి, కిటికీలన్నీ బిగించి, చివరికి ఫ్రిజ్‌లోంచి శత్రువు దిగాడన్నమాట.

ఒక ఆదివారం పక్క ఫ్లాట్‌లో పుట్టినరోజు. నిజామాబాద్ వాళ్లు, మంచివాళ్లు. పాపకి ఏడేళ్లు నిండాయి. బహుమతిగా వాళ్ల నాన్న పెట్‌షాపు నుంచి రెండు బుల్లి ఎలుకలు తెచ్చాడు, ఒకటి తెల్లది, ఒకటి గోధుమరంగు మచ్చలది. మేం లోపలికెళ్లాం. మా అమ్మాయి గుమ్మం బయటే ఆగిపోయింది. పాప చెయ్యి పట్టుకుని లాగింది: "ఆంటీ, లోపలికి రా, స్నోయీని చూపిస్తా!" ఈమె కదల్లేదు, వంగి పాప నుదుటి మీద ముద్దు పెట్టబోయి, అదీ ఆపుకుంది. కేక్ ముక్క ప్లేటులో గుమ్మం దగ్గరికే వచ్చింది. కారిడార్‌లో నిలబడి తిని, కాగితం ప్లేటు తీసుకెళ్లి బయటి డబ్బాలో వేసింది. పాప తల్లికి సంగతి తెలుసు, నవ్వింది. తాతగారొకాయన మాత్రం నొచ్చుకున్నాడు. "మా ఇంట్లో అడుగు పెట్టదా మీ అమ్మాయి?"

ఆయన బాధ నాకు అర్థమైంది. మా నాయనమ్మ మడి కట్టుకున్నప్పుడు ఇలాగే ఉండేది. తడిబట్టతో వంటింట్లోకి వెళ్లాక ఎవరినీ తాకనిచ్చేది కాదు, ముందు దేవుడిగది, తర్వాత వంటిల్లు, ఆ తర్వాతే మిగతా ఇల్లు. యానిమల్ హౌస్‌లో పనిచేసే వరసా అదే: రోగనిరోధక శక్తి లేని ఎలుకల గది ముందు, పెంపకం గదులు తర్వాత, క్వారంటైన్ అన్నిటికన్నా ఆఖరున. క్వారంటైన్ గదిలోకి ఒకసారి వెళ్తే ఆ రోజుకి వెనక్కి రావడం లేదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ వరస నాకు ఇట్టే ఒంటబట్టింది, కారణం నాయనమ్మే. కానీ ఆ పోలికను సాగదీసేకొద్దీ నాకే ఇబ్బందిగా ఉంటుంది. మడి మనుషుల్ని చూసి భయపడింది, ఫలానా ఇంటివాళ్లు తాకితే మైల అంది, ఆ మాట నిజమో కాదో ఏ రోజూ పరీక్షకు పెట్టలేదు. మా అమ్మాయి భయం ఆ ఇంటివాళ్లను చూసి కాదు, పెట్‌షాపు ఎలుకను చూసి. దాని ఒంటి మీద ఏమేం ఉంటాయో జాబితా రాసి చూపించగలదు: పార్వోవైరస్, హెపటైటిస్ వైరస్, నులిపురుగులు, జుట్టు పట్టుకుని వేలాడే సూక్ష్మమైన పురుగులు. ఇంట్లో ఎలుకలు పెంచుకోనని ఉద్యోగంలో చేరేటప్పుడు రాసిచ్చింది కూడా. ఎలుకలున్న ఇంటికి వెళ్తే ఇన్ని రోజులు కాలనీలోకి రాకూడదని లెక్క ఉంది. ఆ సాయంత్రం తాతగారికి ఇదంతా బాల్కనీలో కూర్చుని చెప్పాను. ఆయన విని, "అంటే మా మనవరాలి ఎలుకలకి జబ్బులున్నాయా?" అని ఇంకో బెంగ పెట్టుకున్నాడు.

పార్వోవైరస్ పేరు చెప్తే ఈ వృత్తిలో వాళ్లకి నిద్ర పట్టదు. ఎండిన దుమ్ములో కూడా చాలాకాలం బతుకుతుంది, మామూలు సబ్బులకు లొంగదు. హెపటైటిస్ వైరస్ అలా కాదు, మొండిది కాదు గానీ పరుగు ఎక్కువ. మామూలు ఎలుక రెండు మూడు వారాల్లో దాన్ని వదిలించుకుంటుంది. కాబట్టి ఆరు నుంచి ఎనిమిది వారాలు జత కట్టించడం మానేసి, కొత్త ఎలుకల్ని తేకుండా ఉంటే, సోకడానికి కొత్త ఒళ్లు దొరక్క వైరస్ తనంతట తాను ఆగిపోతుంది. రోగనిరోధక శక్తి తీసేసిన ఎలుకల గదిలో ఈ ఉపాయం పారదు. అవి వైరస్‌ని మోస్తూనే ఉంటాయి. అక్కడ ఉన్నది ఒకటే దారి. తల్లి కడుపులోంచి పిండాలను తొలిదశలోనే తీసి, శుభ్రమైన ద్రావణం చుక్కల్లో ఒకదాని తర్వాత ఒకదాంట్లో కడిగి, రోగం లేని ఇంకో ఆడ ఎలుక గర్భంలో పెడతారు. పిండం చుట్టూ ఉన్న పొర క్రిములను చాలావరకు లోపలికి రానివ్వదు. పర్షియన్ డ్రైవ్‌లో ఉన్న హిందూ గుడికి వెళ్లి వస్తుంటే కారులో ఈ సంగతి నడిచింది. "దేవకి కడుపులోంచి రోహిణి కడుపులోకి. బలరాముడు పుట్టింది అలాగేగా" అంది మా ఆవిడ. మా అమ్మాయి స్టీరింగ్ మీద తల వాల్చి నవ్వింది. మర్నాడు ఆఫీసులో తెల్లవాళ్లకి ఈ కథ చెప్పిందట.

ఊరికి ఉత్తరాన బేలాండ్స్. మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటు పక్కనుంచి మట్టికట్ట మీద బాట మొదలవుతుంది. ఒక పక్క చెరువులు, ఇంకో పక్క ఉప్పుగడ్డి బీడు, దాని అవతల శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం బూడిదరంగులో పరుచుకుని. నేలంతా మోకాలెత్తున పికిల్‌వీడ్ అనే ఉప్పుమొక్క. గణుపులు గణుపులుగా, కండపట్టి, చివర్లు ఎర్రబారి. విరిచి నోట్లో వేసుకుంటే ఉప్పుకల్లు నమిలినట్టుంది. మన కోరంగి మడ అడవుల అంచున ఇలాంటిదే చూశాను. కట్ట మీద పొద్దున్నే నడిచేవాళ్లు ప్రతి ఒక్కరూ గుడ్‌మార్నింగ్ చెప్తారు, కళ్లలోకి చూసి మరీ. మన ట్యాంక్‌బండ్ మీద అపరిచితుడెవరైనా అలా పలకరిస్తే జేబు తడుముకుంటాం.

ఒక పెద్దాయన ముక్కాలిపీట మీద దుర్భిణి పెట్టుకుని పక్షుల్ని చూస్తున్నాడు. మేం ఆగితే, అడక్కుండానే కొంగని చూపించాడు. తర్వాత బీడు వైపు చెయ్యి చాపి, "అక్కడ ఒక ఎలుక ఉంది, కానీ మీకూ నాకూ కనిపించదు" అన్నాడు. సాల్ట్ మార్ష్ హార్వెస్ట్ మౌస్. పది గ్రాములు తూగితే గొప్ప. ఈ అఖాతం చుట్టూ ఉన్న ఉప్పుబీళ్లలో తప్ప లోకంలో ఇంకెక్కడా లేదు. పికిల్‌వీడ్ తింటుంది, ఉప్పునీళ్లు తాగి బతుకుతుంది, పోటు వచ్చినప్పుడు మొక్కల కొసలకెక్కి కూర్చుంటుంది, ఈదుతుంది. బీళ్లను కట్టలు కట్టి, పూడ్చి, ఉప్పుమడులు చేసుకుని, వాటి ఇల్లు చాలావరకు మనుషులు తీసేసుకున్నారు. 1970 నుంచి అమెరికా చట్టం దాన్ని అంతరించిపోతున్న జీవుల జాబితాలో పెట్టి కాపాడుతోంది. ఆయన చాలా ఏళ్లుగా వస్తున్నాడు, ఒక్కసారి కూడా చూడలేదట. ఆ మాట సంతోషంగానే చెప్పాడు.

ఒకే ఊళ్లో ఒక ఎలుకను గోడలు కట్టి కాపాడుతున్నారు, ఇంకో ఎలుకను గోడలు తీసేసి కాపాడాల్సి వస్తోంది. మేం వెనక్కి నడుస్తుంటే పడమట మోఫెట్ ఫీల్డ్‌లో 1930ల నాటి వాయునౌకల షెడ్డు కనిపించింది, కొండంత. దాని పక్కనే నాసా వాళ్ల ఏమ్స్ కేంద్రం. 2014లో అంతరిక్ష కేంద్రానికి ఎలుకల్ని పంపడానికి పెట్టెలు తయారు చేసింది ఆ కేంద్రమే. మూసిన గదిలో వ్యోమగాములతో కలిసి ఉండే ఎలుకలకి ఏ అంటూ ఉండకూడదు కాబట్టి వాటికీ ఇదే కాపలా. ఇంటికొచ్చాక మా అమ్మాయి బూట్లు విప్పి బాల్కనీలో ఒక సంచిలో పెట్టింది. ఆ బూట్లు బేలాండ్స్‌కే, పనికి వేసుకెళ్లదు. మామూలు ఇంటెలుక ఎక్కడ తిరిగి ఉంటుందో ఎవరికి తెలుసు అంది.

మా రోజుల్లో రోగాన్ని పట్టుకోవడానికి ఉన్న సాధనం కాపలా ఎలుక. సెంటినెల్ అంటాం. గదిలో ప్రతి రాక్‌కి ఒక కేజ్, అందులో రెండో మూడో ఎలుకలు. కేజ్‌లు మార్చిన ప్రతిసారీ మిగతా కేజ్‌ల మురికి ఊక తలా చెంచాడు తీసి వీటి కేజ్‌లో వేస్తాం. మూడు నెలలు పక్కవాళ్ల మురికిలో బతికాక వాటి రక్తం తీసి చూస్తాం. గదిలో ఏది తిరుగుతుంటే అది వీటికి అంటాలి. నులిపురుగులకైతే సెలోటేపు. తోక కింద టేపు అద్ది, గాజుపలక మీద అతికించి సూక్ష్మదర్శినిలో చూస్తే గుడ్లు కనిపిస్తాయి, సన్నగా పొడుగ్గా, ఒక పక్క చదునుగా. మొదటిసారి చూసిన గుడ్డు ఎవరూ మర్చిపోరు.

కానీ కాపలా ఎలుకను పూర్తిగా నమ్మడానికి లేదు. సెండాయ్ వైరస్ ఊకతో సరిగ్గా పాకదు, జుట్టు పురుగులూ అంతే. నల్ల సి57 జాతి ఎలుకల్ని కాపలా పెడితే పార్వోవైరస్ వాటికి సులువుగా అంటదు; అందుకే తెల్ల ఔట్‌బ్రెడ్ ఎలుకల్ని పెట్టేవాళ్లం. పైగా ఇప్పటి కేజ్‌లు దేనికది గాలి పీల్చుకునే డబ్బాలు. యేల్‌లో లిస్‌బెత్ క్రాఫ్ట్ అనే ఆవిడ 1950ల్లో కేజ్‌కి ఫిల్టర్ మూత పెట్టిననాటి నుంచి ఆ దారిలోనే నడిచి, ఇవాళ ఒక కేజ్ గాలి పక్క కేజ్‌లోకి పోకుండా చేశారు. రోగాన్ని ఆపడానికి అది వరం, రోగాన్ని పట్టుకోవడానికి శాపం. అందుకని మా అమ్మాయి వాళ్లు కాపలా ఎలుకల్ని చాలావరకు మానేశారు. రాక్‌లోని కేజ్‌లన్నిటి గాలి బయటికి వెళ్లే గొట్టంలో ఒక చిన్న ఫిల్టర్ ముక్క పెట్టి, మూడు నెలలకు తీసి, అందులోని దుమ్మును పీసీఆర్‌కి పంపుతారు. కోవిడ్ కాలంలో మన ముక్కుల్లో పుల్ల పెట్టి చేసిన పరీక్ష లాంటిదే. కాపలా ఎలుకల ప్రాణాలూ మిగులుతాయి. అది విన్నాక నాకు కొంచెం కష్టంగానూ, కొంచెం హాయిగానూ అనిపించింది. నేను రక్తం తీసిన కాపలా ఎలుకలెన్నో.

ఆఖరి వారంలో భోజనాల దగ్గర వాదన వచ్చింది. టమాటా పప్పు, బీరకాయ తొక్కు పచ్చడి, ఇక్కడి పెరుగు పుల్లగా ఉండదని మా ఆవిడ మామూలు ఫిర్యాదు. నేనన్నాను, ఇంత శుభ్రంగా పెంచి మీరు ఎలుకను ఎలుక కాకుండా చేస్తున్నారేమో అని. ఆమెకు కోపం రాలేదు, ఫోన్‌లో ఒక పరిశోధన తీసి చూపించింది. 2016లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో డేవిడ్ మాసోపస్ట్ బృందం చేసిన పని. పత్రంలో మొదటి పేరు లలిత్ బ్యూరా. శుభ్రమైన లాబ్ ఎలుకల్ని పెట్‌షాపు ఎలుకలతో కలిపి ఉంచారు. దాదాపు ఐదో వంతు లాబ్ ఎలుకలు చచ్చిపోయాయి. మిగిలినవాటి రోగనిరోధక వ్యవస్థ చూస్తే ఎదిగిన మనిషి వ్యవస్థకు దగ్గరగా ఉంది. శుభ్రమైన ఎలుకలది అప్పుడే పుట్టిన మనిషి పిల్లలాంటిది.

"మరి?" అన్నాను గెలిచినవాడిలా.

"మరి అది ఎలా కనిపెట్టారు మామయ్యా? పక్కన శుభ్రమైన ఎలుక ఉండబట్టే కదా. దేనికి ఏ జబ్బు ఉందో తెలిసి మురికి చేస్తే అది పరిశోధన. తెలియకుండా మురికి అయితే అది నష్టం. మురికి ఎలుకల కోసం మేమూ వేరే గది కడదామనుకుంటున్నాం. దానికి ఇంకా గట్టి తలుపులు కావాలి" అంది.

నా దగ్గర జవాబు లేదు. ఇంకొంచెం పప్పు వడ్డించుకున్నాను.

హైదరాబాద్ వచ్చాక నాలుగైదు రోజులకి పాత చోటికి వెళ్లాను. తార్నాక జాతీయ పోషకాహార సంస్థలో, శామీర్‌పేట జీనోమ్ వ్యాలీలో పెద్ద ఏర్పాట్లున్నాయి గానీ, చిన్న యానిమల్ హౌస్‌లకు పాత కేజ్‌లే దిక్కు. నా తర్వాత అక్కడ చేరిన కుర్రాడికి ఫిల్టర్ సంగతి చెప్పాను. వాడు వెంటనే అన్నాడు: "సార్, మనవి తెరిచిన కేజ్‌లు. గాలి గొట్టమే లేదు. ఎక్కడ పెట్టమంటారు?"

దానికీ దారి ఉంది. ఎలుకలేని ఖాళీ కేజ్‌లో ఫిల్టర్ ముక్క పెట్టి, అన్ని కేజ్‌ల మురికి బెడ్డింగ్ చెంచాడేసి తెచ్చి వేసి, మూత పెట్టి బాగా ఊపాలి. వారం వారం అలాగే చేసి, మూడు నెలలకు ఆ ముక్కను పరీక్షకు పంపాలి. కాపలా ఎలుక చేసే పని ఎలుక లేకుండా చేయించడం.

వాడు కాసేపు ఆలోచించి, "పీసీఆర్‌కి ఒక శాంపిల్ ఎంతవుతుంది సార్?" అన్నాడు. మొత్తం ఎన్ని రాక్‌లో లెక్కపెట్టుకుంటూ, అప్పుడే లోపలికి వెళ్లబోతున్నవాడు ఆగి, వెనక్కి తిరిగి నా చెప్పుల వైపు చూశాడు. "అమెరికా నుంచి వచ్చి ఎన్ని రోజులైంది సార్ మీరు? అక్కడ ఎలుకలున్న ఇంటికేమైనా వెళ్లారా?"

వెళ్లానని చెప్పాను. కుర్చీ తెచ్చి వరండాలోనే వేశాడు. టీ అక్కడికే వచ్చింది.